హంపి చూడాలంటే: ఎండనీ టికెట్టునీ లెక్కేసుకుని రెండు రోజులు

హంపికి ఒక్క రోజు చాలదు. 1336 నుంచి 1565లో రక్కసతంగడి యుద్ధం దాకా విజయనగర సామ్రాజ్యానికి రాజధానిగా ఉన్న ఊరు ఇది. చూడాల్సినవి రెండు గుంపులుగా ఉంటాయి: తుంగభద్ర ఒడ్డున గుళ్లు, దక్షిణాన కమలాపురం వైపు రాజుల కోట. మధ్యలో అరటి తోటలు, వరి మడులు. ఆ పొలాల్లో కొన్నిటికి రాయల కాలం నాటి కాలువలే ఇప్పటికీ నీళ్లిస్తున్నాయి. గుళ్ల వైపు కాలినడకన తిరగాలి, కోట వైపు బండి కావాలి. రెంటినీ ఒకే పూటలో ఇరికిస్తే రెండూ సరిగా చూడలేరు.

రైలు దిగాల్సింది హోస్పేటలో. గుంటూరు, నంద్యాల, గుంతకల్లు వైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది. హోస్పేట నుంచి హంపి 13 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ దొరుకుతాయి. ఆ చుట్టుపక్కల తెలుగు అర్థమయ్యేవాళ్లు చాలామందే ఉంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు: ఊరంతా గుట్టలూ బండరాళ్లూ కాబట్టి చీకటి పడ్డాక కూడా సెగ తగ్గదు.

ముందు టికెట్టు సంగతి, ఎందుకంటే చాలామంది పొరపడేది ఇక్కడే. విఠలాలయం, లోటస్ మహల్ ఉన్న జనానా (రాణివాసం) ఆవరణ, కమలాపురం మ్యూజియం మూడింటికీ పురావస్తు శాఖ ఇచ్చేది ఒకటే టికెట్టు, కానీ అది ఆ ఒక్క రోజుకే చెల్లుతుంది. తొలిరోజు విఠలాలయం, మర్నాడు లోటస్ మహల్ అని పెట్టుకుంటే రెండుసార్లు కొనాలి. మూడూ ఒకే రోజు పెట్టుకోండి, టికెట్టు పారేయకండి. ఆ రోజు శుక్రవారం కాకుండా చూసుకోండి, మ్యూజియానికి సెలవు.

మొదటి రోజు టికెట్టు లేని వైపు తిరగండి. సూర్యోదయానికి మతంగ పర్వతం ఎక్కితే నది, విరూపాక్ష గోపురం, అచ్యుతరాయ ఆలయం, పొలాలు అన్నీ ఒక్కచోటి నుంచి కనబడతాయి, ఏది ఎటు ఉందో మనసులో పటం పడుతుంది. ఎక్కడానికి అరగంట పైనే పడుతుంది. కొన్నిచోట్ల మెట్లు లేవు, వట్టి బండే. చీకట్లో ఎక్కాలి కాబట్టి టార్చి, పట్టు జారని చెప్పులు, తోడు ఒక మనిషి ఉండాలి. వాన పడిన మర్నాడు ఈ కొండ మానుకోండి.

దిగాక విరూపాక్షాలయం. తూర్పు గోపురం తొమ్మిది అంతస్తులు, సుమారు 50 మీటర్లు. రంగమండపం కప్పు మీది రంగుల బొమ్మలు తలెత్తి తీరిగ్గా చూడండి. ఆ మండపం కట్టించింది శ్రీకృష్ణదేవరాయలే, 1510 నాటి శాసనం అక్కడే ఉంది. గర్భగుడి వెనక చిన్న చీకటి గదిలో గోపురం నీడ గోడ మీద తలకిందులుగా పడుతుంది. సన్నటి రంధ్రంలోంచి వెలుగు నేరుగా దూరడం వల్ల పైది కిందికీ కిందిది పైకీ వస్తుంది. మబ్బు రోజున ఇది ఆనదు. గుడి ముందు కోతులు ప్లాస్టిక్ సంచి కనబడితే లాగేస్తాయి, కాబట్టి అరటిపళ్లయినా జిప్పున్న సంచిలోనే ఉంచండి. మిట్టమధ్యాహ్నం ఒట్టి కాళ్లతో బండల మీద నిలవలేరు, మేజోళ్లు దగ్గరుంచుకోండి.

ఎండ తగ్గాక దక్షిణంగా కృష్ణాలయం వైపు నడవండి. ఉదయగిరి గెలుపు గుర్తుగా రాయలు కట్టించిన గుడి అది. ఉదయగిరి నుంచి తెచ్చిన బాలకృష్ణుడి విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఇంకాస్త ముందుకెళితే 6.7 మీటర్ల నరసింహస్వామి. ఉగ్రనరసింహుడని పిలుస్తారు గానీ 1528లో చెక్కినప్పుడు ఒడిలో లక్ష్మీదేవి ఉండేది. విగ్రహం పగిలాక ఆమె చెయ్యి మాత్రం స్వామి వెనక మిగిలింది. పక్కనే నీళ్లలో నిలిచిన బడవి లింగం. తిరిగి వస్తూ శనగ గణపతి, ఆవగింజ గణపతి విగ్రహాలు చూసుకుని, సూర్యాస్తమయానికి హేమకూటం ఎక్కితే సరిపోతుంది. అది చిన్న గుట్టే, పెద్దవాళ్లూ ఎక్కగలరు.

రెండో రోజు పొద్దున్నే, తలుపులు తీసే వేళకే విఠలాలయానికి చేరాలి. బండ్లు కిలోమీటరు దూరంలోనే ఆపేస్తారు, అక్కడి నుంచి బ్యాటరీ బండి ఎక్కాలి లేదా నడవాలి. పది దాటితే ఆ బండికి పెద్ద వరస ఉంటుంది. 50 రూపాయల నోటు మీదున్న రాతి రథం ఉన్నది ఇక్కడే. ఏకశిల అనుకుంటారు, నిజానికి రాళ్లు అతికి కట్టిన గరుడాలయం. దగ్గరికెళితే అతుకులు కనబడతాయి. సంగీత స్తంభాలను తట్టి చూడటం నిషేధం. 2019లో హంపిలో స్తంభం పడదోసిన నలుగురు యువకులకు కోర్టు తలా 70,000 రూపాయల జరిమానా వేసి, దాన్ని వాళ్లచేతే మళ్లీ నిలబెట్టించింది.

కోట వైపుకు ఆటో మాట్లాడుకునేటప్పుడు చూడాల్సిన చోట్ల పేర్లన్నీ ముందే చెప్పి, ఆగే సమయంతో కలిపి ధర తేల్చుకోండి. లేకపోతే ఏనుగుల శాల దగ్గరే తొందర పెడతారు. ఇక్కడ అంతఃపురాల పునాదులు తప్ప పైకప్పులు ఉండవు. పైన కట్టింది కర్రతో, అది కాలిపోయింది. గుళ్లు రాతివి కాబట్టి నిలిచాయి. ఈ తేడా తెలిస్తే మహర్నవమి దిబ్బ అనే ఎత్తైన రాతి వేదిక వట్టి రాతి గుట్టలా అనిపించదు. దాని పక్క గోడల మీద వేట, ఒంటెలు, విదేశీయులు చెక్కి ఉన్నారు, పైకెక్కే ముందు ఒక చుట్టు తిరగండి.

దగ్గర్లోనే మెట్ల కోనేరు. 1980లలో తవ్వితే బయటపడింది. నల్లరాళ్ల మీద అక్షరాలు గమనించండి, ఏ రాయి ఏ దిక్కున ఏ వరసలో కూర్చోవాలో పనివాళ్లు వేసుకున్న గుర్తులవి. కోనేటికి నీళ్లు తెచ్చిన రాతి కాలువ ఇప్పటికీ స్తంభాల మీద నిలిచి ఉంది. హజార రామాలయానికి కనీసం ముప్పావుగంట ఇవ్వండి. గుడి గోడ మీద రామాయణం మూడు వరసల్లో సాగుతుంది, ప్రదక్షిణంగా వరసకొక చుట్టు తిరిగితే కథ తెగకుండా అందుతుంది. బయటి ప్రహరీ మీద ఏనుగులు, గుర్రాలు, నాట్యకత్తెలు. లోటస్ మహల్, పదకొండు గదుల ఏనుగుల శాల దాని తర్వాత చూసి, మ్యూజియంతో ముగించండి. అక్కడి హంపి నమూనా చూస్తే రెండు రోజులుగా తిరిగిన దారులన్నీ కలుస్తాయి.

ఇంకో పూట మిగిలితే నది దాటి ఆనెగొంది ఊరు, 575 మెట్ల అంజనాద్రి కొండ చూడవచ్చు. తుంగభద్ర డ్యామ్ నుంచి నీళ్లు వదిలినప్పుడు పుట్టీలూ పడవలూ ఆపేస్తారు, పొద్దున్నే ఒడ్డున కనుక్కోండి. సుడిగుండాలున్న నది, మొసళ్లూ ఉన్నాయి, స్నానానికి దిగొద్దు. చివరి పడవ చీకటి పడకముందే వెళ్లిపోతుంది. అది తప్పితే వంతెన మీదుగా చుట్టు తిరిగి రోడ్డున రావాలి.