సర్వీస్ సెంటర్ చెప్పే అదనపు పనుల్లో ఏది అవసరమో ఎలా తేల్చుకోవాలి?

కారు సర్వీసుకు ఇచ్చి ఇంటికి చేరేలోపే ఫోన్ వస్తుంది. "ఇంజెక్టర్లు క్లీన్ చేయాలండీ, ఏసీలో గ్యాస్ తగ్గింది, ఇంజిన్ ఫ్లష్ కూడా చేస్తే మంచిది. చేసేయమంటారా?" అవతలి మనిషి తొందరలో ఉంటాడు. మనకేమో ఇంజిన్ సంగతులు అంతంత మాత్రం. వద్దంటే ఏమవుతుందో అన్న టెన్షన్‌తో చాలామంది సరే అనేస్తారు. చాలా డీలర్‌షిప్‌లలో అదనపు పనులు ఒప్పిస్తే సర్వీస్ అడ్వైజర్‌కు ఇన్సెంటివ్ ఉంటుంది. ఆయన చెప్పేవన్నీ అబద్ధాలని కాదు. కానీ అందులో సలహా ఎంతో, అమ్మకం ఎంతో మనమే విడదీసుకోవాలి.

1. ముందు మాన్యువల్ తీయండి

గ్లవ్ బాక్స్‌లో కదలకుండా పడి ఉండే ఓనర్స్ మాన్యువల్‌లో మెయింటెనెన్స్ షెడ్యూల్ ఉంటుంది. ఏ భాగం ఎన్ని కిలోమీటర్లకు, ఎన్ని నెలలకు మార్చాలో, ఎప్పుడు చూస్తే చాలో కారు తయారుచేసిన కంపెనీయే అందులో రాస్తుంది. కిలోమీటర్లు, నెలలు రెండూ ఉంటే ఏది ముందొస్తే అదే లెక్క. ఆ పేజీలను ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. డీలర్ కౌంటర్ మీద కనిపించే 'ప్యాకేజీ' కార్డు ఈ షెడ్యూల్ కాకపోవచ్చు.

చాలా మాన్యువళ్లలో మామూలు వాడకానికి ఒక పట్టిక, కఠినమైన వాడకానికి ఇంకో పట్టిక ఉంటాయి. దుమ్ము రోడ్లు, రోజూ చిన్న చిన్న దూరాలు, గంటల తరబడి ట్రాఫిక్, బరువులు లాగడం రెండో దాని కిందకు వస్తాయి. నగరంలో నడిపేవాళ్లలో చాలామంది ఈ కోవలోనే ఉంటారు. ఖర్చు తగ్గుతుందని మొదటి పట్టికనే పట్టుకుంటే నష్టం మనకే.

2. కారు ఇచ్చేటప్పుడే మాట రాయించండి

"ఫోన్ చేసి, నేను ఒప్పుకున్నాకే అదనపు పని చేయాలి", "తీసేసిన పాత భాగాలు నాకు చూపించాలి" అని జాబ్ కార్డ్ (బండికి చేయాల్సిన పనులు రాసే కాగితం) మీద రాయించండి. సమస్య ఏదైనా ఉంటే లక్షణం మాత్రమే చెప్పండి. "బ్రేక్ నొక్కితే కీచుమంటోంది" చాలు. "బ్రేకులన్నీ చేయండి" అంటే మీరే తలుపులు తీసినట్టు.

3. ఫోన్ వచ్చినప్పుడు రెండే ప్రశ్నలు

ఇది మాన్యువల్‌లో ఎన్ని కిలోమీటర్లకు ఉంది? లేకపోతే, ఏం కొలిచి చెబుతున్నారు?

రెండో ప్రశ్నే అసలైనది. "ప్యాడ్లు అరిగాయి" అన్నది కొలత కాదు. ఎన్ని మిల్లీమీటర్లు మిగిలాయో అడగండి. కొత్త బ్రేక్ ప్యాడ్ సాధారణంగా 10 నుంచి 12 మి.మీ. మందం ఉంటుంది. 3 మి.మీ. దగ్గరకొస్తే మార్చాల్సిందే, 6 ఉంటే తొందరేమీ లేదు. "బ్యాటరీ వీక్" అంటే టెస్ట్ రిపోర్ట్ ఫొటో పంపమనండి. ఇంజిన్ ఆపి కాసేపు ఉంచాక పూర్తిగా చార్జ్ అయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపిస్తుంది. "ఆయిల్ నల్లబడింది" అన్నది కూడా రుజువు కాదు, డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కొద్ది రోజులకే నల్లబడుతుంది.

4. తరచూ అంటగట్టే పనులు

ఇంజిన్ ఫ్లష్, అంటే ఆయిల్ మార్చే ముందు మందు పోసి ఇంజిన్ లోపల కడగడం, చాలా కంపెనీల షెడ్యూల్‌లో అసలు ఉండదు. ఆయిల్ వేళకు మారుస్తుంటే దాని అవసరం పడదు. ఇంజిన్‌లోకి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల క్లీనింగ్ కూడా అంతే. బండి వణకడం, పికప్ తగ్గడం, మైలేజీ పడిపోవడం లాంటివి లేకుండా ప్రతి సర్వీసుకూ చేయించడం డబ్బు దండగ.

ఏసీ గ్యాస్ ఇంజిన్ ఆయిల్‌లా వాడుకలో ఖర్చయ్యేది కాదు, మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతుంది. బాగా తగ్గిందంటే ఎక్కడో లీక్ ఉన్నట్టు. అది వెతక్కుండా గ్యాస్ నింపితే మళ్లీ పోతుంది. టైర్లలో నైట్రోజన్ అంటారా, మామూలు గాలిలోనే 78 శాతం అదే. బండి ఒక పక్కకు లాగకుండా, టైర్లు సమంగా అరుగుతుంటే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు) సరిచేయించాల్సిన పని సాధారణంగా ఉండదు.

5. వద్దనకూడనివీ ఉన్నాయి

అన్నిటికీ వద్దనడం తెలివి కాదు. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరేకొద్దీ దాని మరిగే ఉష్ణోగ్రత పడిపోయి, ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు పనిచేయకపోవచ్చు. అందుకే చాలా మాన్యువళ్లు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఇంజిన్‌లో వాల్వులు, పిస్టన్లు ఒకదానికొకటి తగలకుండా వేళకు కదిలేలా చూసే టైమింగ్ బెల్టు ఉంటే, దాని గడువు దాటనీయొద్దు. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఢీకొని ఇంజినే పాడవుతుంది.

6. "వారంటీ పోతుంది" అంటే

"వారంటీ పుస్తకంలో ఏ షరతు ప్రకారమో మెయిల్‌లో రాసి పంపండి" అనండి. వారంటీకి కావలసింది షెడ్యూల్‌లోని పనులు వేళకు చేయించడం. ఆ బిల్లులన్నీ దాచుకోండి. అనుమానం తీరకపోతే "తర్వాత చెబుతాను" అని బండి తెచ్చుకుని వేరే మెకానిక్‌కు చూపించండి. మొదటివాళ్లు ఏం చెప్పారో మాత్రం ముందే చెప్పకండి. బ్రేకులు, స్టీరింగ్ ప్రమాదంగా ఉన్నాయన్న అనుమానముంటే బండి నడపకుండా ఆ మెకానిక్‌నే అక్కడికి పిలిపించండి.

7. డబ్బు కట్టే ముందు

బిల్లును జాబ్ కార్డ్ పక్కన పెట్టి ఒక్కో లైనూ చదవండి. 'కన్స్యూమబుల్స్' (పనిలో వాడేసే చిల్లర సామాన్లు) అని ఉంటే ఏమేం వాడారో అడగండి. మీరు ఒప్పుకోని పని కనిపిస్తే అక్కడే తీయించండి. పాత ప్యాడ్లు, ఫిల్టర్లు చూసిన తర్వాతే తాళాలు తీసుకోండి.