పాప్-అప్ క్యాంపర్ కొనే ముందు తలుపు తెరిచి చూడండి

అమెరికాలో టయోటా టకోమా లాంటి మధ్యస్థ పికప్ ట్రక్కు మీద పాప్-అప్ క్యాంపర్ (ఆగినచోట పైకప్పు పైకి లేపుకుని పడుకునే చిన్న గది) పెట్టించాలనుకునేవారు ముందు డ్రైవర్ తలుపు తెరిచి, పక్కన అంటించిన లేబుల్ చదవండి. మనుషులు, సామాను కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అందులో ఉంటుంది. ప్రకటనల్లో కనిపించే అంకెను కాదు, మీ బండి మీదున్న ఆ అంకెనే నమ్మండి.

అమ్మేవాళ్లు చెప్పే బరువు చాలావరకు ఖాళీ క్యాంపర్‌దే. నీళ్లే గ్యాలనుకు 8.3 పౌండ్లు, 20 గ్యాలన్ల ట్యాంకు నిండితే 166 పౌండ్లు. బ్యాటరీ, గ్యాస్ సిలిండరు, ఫ్రిజ్, పరుపు, బియ్యం, కుక్కర్, చివరికి డ్రైవరు బరువు కూడా లేబుల్ మీది ఆ పరిమితి లెక్కలోకే వస్తాయి. అదనపు స్ప్రింగులు వేయిస్తే బండి వెనుక భాగం కుంగదు, అంతే. అనుమతించిన బరువు ఒక్క పౌండు కూడా పెరగదు. దయచేసి ఈ విషయంలో ఎవరి మాటా వినకండి.

అన్నీ సర్దుకుని, అందరూ ఎక్కాక, హైవే పక్కన ట్రక్ స్టాపులో ఉండే క్యాట్ తూకం (బండిని మొత్తంగా తూచే CAT Scale) మీద బండి నిలపండి. ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువులు చీటీలో విడివిడిగా వస్తాయి. వెనుక ఇరుసు పరిమితి కూడా తలుపు దగ్గరే, మరో లేబుల్ మీద ఉంటుంది, పోల్చి చూసుకోండి. మించితే ముందు నీళ్లు తగ్గించండి. దిగే చోట కుళాయి ఉంటే ట్యాంకు అక్కడే నింపుకోవచ్చు.