విదేశీ కారు కంపెనీ మన దగ్గర నిలుస్తుందో లేదో కొనే ముందు తెలుసుకోవడం ఎలా?

మా మేనల్లుడు మద్దిలపాలెం నుంచి పరవాడ ఫార్మా సిటీకి రోజూ కారులో వెళ్లి వస్తాడు. రానూపోనూ 70 కిలోమీటర్లు. డీజిల్ ఖర్చు భరించలేక చైనా కంపెనీ బీవైడీ ఎలక్ట్రిక్ కారు కొందామనుకున్నాడు. "కారు నచ్చింది మామయ్యా, రేపు ఈ కంపెనీ ఇక్కడ ఉంటుందా అన్నదే భయం" అన్నాడు. విశాఖ రేవులో కస్టమ్స్ క్లియరింగ్ పనిలో 31 ఏళ్లు గడిపాను కాబట్టి ఆ భయం విలువ నాకు తెలుసు. ఇద్దరం కూర్చుని ఏమేం చూశామో రాస్తున్నాను. మరో విదేశీ కారు కొనేవారూ ఇదే పద్ధతిలో చూసుకోవచ్చు.

కొన్నేళ్ల క్రితం నేను కొన్న కారు కంపెనీ మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. తర్వాత హనుమంతవాక దగ్గర ఆటో తగిలి ఎడమ హెడ్‌లైటు పగిలింది. కొత్తది రావడానికి 74 రోజులు పట్టింది. అన్నాళ్లూ దానికి పాలిథిన్ కవరు కప్పి టేపు అంటించుకున్నాను. మన ఉప్పుగాలికి ఆ టేపు మూడు రోజులకే అంచుల దగ్గర లేచిపోయేది. కవరు లోపల చెమ్మ పట్టి, రాత్రిపూట బీచ్ రోడ్డు మీద వెలుతురు పసుపు మరకలా పడేది. అందుకే మేనల్లుణ్ని తొందరపడనివ్వలేదు.

ముందు కంపెనీ ఏ పనితో మొదలైందో చూడండి. బీవైడీని 1995లో షెన్‌జెన్‌లో వాంగ్ చ్వాన్‌ఫు ప్రారంభించారు. మొదట చేసింది బ్యాటరీలు, కార్లు కాదు. 2003లో ఒక చిన్న కార్ల కంపెనీని కొని ఈ రంగంలోకి వచ్చారు. ఎలక్ట్రిక్ కారులో అన్నిటికన్నా ఖరీదైన భాగం బ్యాటరీయే. దాన్ని సొంతంగా చేసుకునే కంపెనీకి ధర తన చేతిలో ఉంటుంది. 2022 మార్చిలో కేవలం పెట్రోలుతో నడిచే కార్ల తయారీని పూర్తిగా ఆపేసే ధైర్యం అక్కడి నుంచే వచ్చిందని నా నమ్మకం.

అమ్మకాల మొత్తం చూసి మురిసిపోకండి. స్వదేశంలో ఎన్ని, బయట ఎన్ని అని విడదీయండి. బీవైడీ చైనా బయట 2022లో సుమారు 56 వేల వాహనాలు అమ్మింది. 2023లో అవి 2.43 లక్షలు, 2024లో 4.17 లక్షలు అయ్యాయి. 2024లో మొత్తం అమ్మకాలు 42.7 లక్షలు. అంటే పదింట ఒకటి కూడా బయటికి వెళ్లలేదు. 2025లో బయటి అమ్మకాలు పది లక్షలు దాటి, మొత్తంలో ఐదో వంతును మించాయి. బయటి దేశాల మీద కంపెనీ ఎంత ఆధారపడితే వాటిని వదిలేయడం అంత కష్టం.

నా వృత్తిలో నేర్చుకున్న అసలు ప్రశ్న వేరు. కారు ఏ రూపంలో సరిహద్దు దాటుతోంది? పూర్తి బండిగానా, విడదీసి పెట్టెల్లోనా, లేక ఆ దేశంలోనే తయారవుతోందా? బీవైడీ 7 వేల కార్లు పట్టే ఓడను 2024 జనవరిలో ఐరోపాకు పంపింది. అదే ఏడాది అక్టోబరులో ఐరోపా సమాఖ్య ఆ కంపెనీ ఎలక్ట్రిక్ కార్ల మీద పాత 10 శాతానికి తోడు మరో 17 శాతం సుంకం వేసింది. హంగరీలోని సెగెద్‌లో ఫ్యాక్టరీ పెడతామని కంపెనీ అంతకుముందే, 2023 డిసెంబరులోనే ప్రకటించింది. థాయ్‌లాండ్‌లోని రాయోంగ్‌లో ఏటా లక్షన్నర వాహనాలు చేయగల ఫ్యాక్టరీ 2024 జూలైలో తెరుచుకుంది. బ్రెజిల్‌లో ఫోర్డ్ వదిలి వెళ్లిన కమసారిలో మరొకటి పెట్టింది. ఓడను రేపు ఇంకో రేవుకు తిప్పవచ్చు. ఫ్యాక్టరీని తిప్పలేరు. అందుకే నేను ఫ్యాక్టరీలనే లెక్కపెడతాను.

మన దేశానికి వస్తే లెక్క మారుతుంది. మనతో సరిహద్దు ఉన్న దేశాల పెట్టుబడులకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి అని 2020 ఏప్రిల్‌లో నిబంధన వచ్చింది. హైదరాబాదుకు చెందిన మేఘా ఇంజనీరింగ్‌తో కలిసి వంద కోట్ల డాలర్లతో ఫ్యాక్టరీ పెడతామన్న బీవైడీ ప్రతిపాదనను 2023 జూలైలో కేంద్రం తోసిపుచ్చింది. కాబట్టి కొన్ని మోడళ్లు పూర్తి బండిగా వచ్చాయి, కొన్నింటిని విడదీసి తెచ్చి శ్రీపెరంబుదూరులో బిగించారు. 2023 బడ్జెట్ ప్రకారం 40 వేల డాలర్లు మించని ఎలక్ట్రిక్ కారును పూర్తి బండిగా తెస్తే సుంకం 70 శాతం, సగం విడదీసి తెస్తే 35 శాతం. మీరు చూస్తున్న మోడల్ ఏ దారిలో వచ్చిందో సూటిగా అడగండి. ఛాసిస్ నంబరు మొదటి అక్షరం కూడా చూడండి. చైనాలో తయారైన వాటికి ఎల్ ఉంటుంది, మన దేశంలో తయారైన వాటికి సాధారణంగా ఎం ఉంటుంది.

షోరూములో ఆగిపోకుండా సర్వీసు కేంద్రంలో విడిభాగాల కౌంటర్ దగ్గరికి వెళ్లండి. ముందు అద్దం, హెడ్‌లైటు, ముందు బంపర్: ఈ మూడింటి ధర ఎంత, గోదాము ఏ ఊళ్లో ఉంది, ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట నా 74 రోజుల్లో ఒక్క రోజును కూడా తగ్గించలేదు.

వారంటీని మీ రోజువారీ ప్రయాణంతో లెక్కించుకోండి. మావాడు చూసిన బీవైడీ మోడల్ అట్టో 3 (Atto 3) బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు, ఏది ముందైతే అది. రోజుకు 70 చొప్పున ఏడాదికి 300 రోజులంటే 21 వేలు. పండగ ప్రయాణాలు కలపకుండానే ఏడున్నర ఏళ్లు దాటగానే గడువు తీరిపోతుంది. ఇది చూశాక కారును ఏడేళ్లకు అమ్మేస్తే ఎంత వస్తుందో కూడా లెక్కలో వేసుకున్నాడు.

అడిగిన నాలుగు రోజులకు ఆ మూడు భాగాల ధరలు, గడువులు ముద్ర వేసిన కాగితం మీద అతని చేతికి వచ్చాయి. బుకింగ్ డబ్బు కట్టింది ఆ తర్వాతే.