హైదరాబాద్‌లో ఆదివారం: పన్నెండు లోపు కానిచ్చేయండి

ముందే చెప్తున్నా, ఇది ఆదివారం పొద్దున్న ఐదున్నరకి లేవగలిగేవాళ్ళ కోసం. పదింటిదాకా పడుకుని, పన్నెండింటికి తలస్నానం చేసి, నాలుగింటికి "ఎక్కడికైనా వెళ్దామా" అనుకునేవాళ్ళకి ఈ ఊళ్ళో మిగిలేది ట్రాఫిక్ ఒక్కటే. నేనూ ఐదారేళ్ళు అలాగే గడిపాను. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లైట్లు చూద్దామని సాయంత్రం బయల్దేరి, బ్రిడ్జి లైట్ల కంటే ముందు కారు బ్రేకు లైట్లే ఎక్కువసేపు చూసి, ఇంటికొచ్చి మ్యాగీ చేసుకుని తిన్న ఆదివారాలు లెక్కలేనన్ని. ఊరు ఖాళీగా, చల్లగా, కాస్త మర్యాదగా ఉండేది పొద్దున్న ఆరు నుంచి పన్నెండు దాకానే. ఆ ఆరు గంటల్లో చేపలు, టిఫిను, పుస్తకాలు, చాయ్ అన్నీ ఎలా పడతాయో చెప్తాను.

శనివారమే తేల్చేయాల్సినవి ముందు తేల్చేయండి. బట్టలు ఉతకడం, ఇస్త్రీకి ఇవ్వడం, గ్యాస్ బుక్ చేయడం లాంటివి ఆదివారానికి ఉంచారంటే ఆ రోజు కాస్తా పనిరోజు అయిపోతుంది. కూరగాయలు అసలే పెట్టుకోవద్దు. మెహదీపట్నం, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి రైతుబజార్లు 1999 నుంచీ ఉన్నాయి, ధరల బోర్డు చూసి కొనుక్కోవచ్చు, అంతా బాగానే ఉంటుంది గానీ ఆదివారం పొద్దున్న అక్కడ బండి పార్క్ చేయడానికి పట్టే టైములో ఒక కూర వండేయొచ్చు. మీ పేటలో వారానికోసారి రోడ్డు పక్కన సంత పెడతారు, సోమవారమో గురువారమో, ఏ రోజో కిరాణా షాపాయన్ని అడిగితే చెప్తాడు. ఆఫీసు నుంచి వస్తూ ఆ సంతలో కొనేసుకుంటే వారానికి సరిపోతాయి.

ఇక చేపలు. మటన్, చికెన్ ఏ సందులో అయినా దొరుకుతాయి, వాటికి కావాల్సింది లైన్లో నిలబడే ఓపిక, "తొడ భాగం వెయ్యన్నా, కొవ్వు తగ్గించన్నా" అని అడిగే నోరు. చేపలకి మాత్రం కాస్త జ్ఞానం కావాలి. నేను వెళ్ళేది రాంనగర్ చేపల మార్కెట్‌కి. ఆదివారం అక్కడ రోడ్డుకి అటూ ఇటూ చేపలే, ఆరున్నరకల్లా వెళ్తే నడవడానికి చోటుంటుంది, ఎనిమిది దాటితే మీ కాలు మీద ఎవరి కాలుందో తెలియదు. పాత చెప్పులు వేసుకెళ్ళండి. తెల్ల ప్యాంటు వేసుకెళ్ళి ఎవర్నీ తిట్టుకోవద్దు.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను బేరం చేయడమే తెలివి అనుకున్నాను. కిలోకి ముప్పై రూపాయలు తగ్గించానని సంబరపడి ఇంటికి తెస్తే, కింది పోర్షన్ ఆంటీ కవర్ విప్పి చూసి, "బిడ్డా, రేటు కాదు, ఫస్టు మొప్ప లేపి చూడు. ఎర్రగుంటెనే తీస్కో, నల్లగుంటే ఆడ్నే పెట్టేసి రా" అంది. అప్పట్నుంచీ ముందు మొప్పలు లేపి చూస్తాను, ఎర్రగా తడిగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగితే వద్దు. కన్ను ఉబ్బెత్తుగా నిగనిగలాడాలి, లోపలికి గుంటపడి పొగపట్టినట్టుంటే అది నిన్నటిదో మొన్నటిదో. వేలితో ఒంటి మీద నొక్కితే సొట్ట వెంటనే పూడిపోవాలి. ఇక వాసన గురించి చెప్పక్కర్లేదు, చేపల మార్కెట్లో నిలబడి కూడా "ఇదేం వాసన" అనిపించిందంటే వదిలేయండి.

రవ్వ, బొచ్చె ఎక్కువగా ఆంధ్రలో కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసులో లారీల మీద వస్తాయి కాబట్టి వాటికి ఈ పరీక్షలన్నీ అవసరం. కొర్రమీనుకి అవసరం లేదు, అది తొట్టిలో బతికే ఉంటుంది. పైకి వచ్చి గాలి పీల్చుకునే రకం కాబట్టి కొన్ని నీళ్ళలో కూడా గంటల తరబడి బతుకుతుంది, అందుకే ప్రాణంతో అమ్మగలుగుతారు, అందుకే రేటూ ఎక్కువ. ఇక్కడ చాలామంది కొర్రమట్ట అంటారు, మా గోదావరి వైపు కొరమేను. తెలంగాణ రాష్ట్ర చేప ఇదే. ముల్లు తక్కువ, పిల్లలకి పెట్టొచ్చు. కానీ తొట్టిలో కదులుతున్నదాన్ని చూపించి, లోపల ఐసులోంచి ఇంకోటి తీసి తూకం వేసే మహానుభావులూ ఉన్నారు, కన్ను తిప్పొద్దు.

తూకం అయ్యాక సగం పనే అయినట్టు. కోసేవాళ్ళు వేరుగా కత్తిపీటలు వేసుకుని కూర్చుంటారు, కిలోకి ఇంత అని వాళ్ళకి వేరే ఇవ్వాలి. పొలుసు, తోకలు, పేగులు పోగా కిలో చేప ఇంటికి కిలో రాదు, నలుగురికి కావాలంటే కిలోన్నర పైనే తీసుకోండి. ముక్క మందం ముందే చెప్పాలి. పులుసుకైతే వేలెడు మందం, వేపుడుకైతే సన్నం. తలకాయ కావాలో వద్దో కూడా ముందే చెప్పండి, లేకపోతే కొందరు అడక్కుండానే పక్కన పడేస్తారు, పులుసుకి రుచంతా దానిదే కదా. ఇంకో మాట, ఇంటి నుంచి మూతున్న స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. కవర్‌ని నమ్ముకుని ఒకసారి ఆటోలో వస్తుంటే కారి నా ప్యాంటు, ఆయన సీటు రెండూ తడిశాయి. ఆటో ఆయన మీటరు మీద వంద ఎక్కువ అడిగితే మారుమాట్లాడకుండా ఇచ్చాను.

క్యాలెండర్ కూడా ఒకసారి చూసుకోవాలి. జూన్ మొదట్లో మృగశిర కార్తె రోజు చేప తినాలని ఇక్కడ అందరికీ పట్టింపు, ఆ వారం మార్కెట్ వైపు వెళ్ళడమంటే జాతరకి వెళ్ళడమే. ఆషాఢంలో బోనాలు ఒక్కో ఆదివారం ఒక్కో చోట, గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి, తర్వాత లాల్‌దర్వాజ. ఆ ఆదివారాల్లో మటన్ షాపు ముందు లైను రోడ్డెక్కుతుంది, బస్సులు ఏ దారిన వెళ్తాయో డ్రైవర్‌కే తెలియాలి. కార్తీకమాసంలో మాత్రం మీరు తినేవాళ్ళైతే రాజభోగం, షాపు ముందు మీరొక్కరే.

చేపలు ఇంట్లో పడేసి, ఉప్పు పసుపు వేసి కడిగి ఫ్రిజ్‌లో పెట్టేసరికి ఎనిమిది అవుతుంది. టిఫిను ఇంట్లో వద్దు. బండి దగ్గర తినండి. ఏ బండి అంటే, ఇడ్లీ పాత్ర మూత తీసేలోపే ముగ్గురు ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ బండి. అక్కడ పిండి పులిసిపోయేదాకా మిగలదు, ఇడ్లీ చల్లారదు, అంతే సంగతి. ఫోటోలు తీసేవాళ్ళు ఎక్కువున్న బండి దగ్గర పల్లీ చట్నీ రెండోసారి అడగాలంటే భయమేస్తుంది.

తొమ్మిదింటికి మెట్రో. మాది నల్లకుంట కాబట్టి నేను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఎక్కి సుల్తాన్ బజార్‌లో దిగుతాను. మియాపూర్, కూకట్‌పల్లి, ఎల్బీనగర్ వైపు వాళ్ళు ఎర్ర లైనులో నాంపల్లి దగ్గరో ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గరో దిగి నడవొచ్చు. ఆడవాళ్ళకి 2023 డిసెంబర్ నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కి డబ్బులు ఇవ్వక్కర్లేదు, తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ చేతిలో ఉంటే చాలు. బండి మాత్రం తీయకండి. వచ్చేటప్పుడు రెండు చేతుల్లో పుస్తకాల సంచులుంటాయి.

ఎందుకంటే వెళ్ళేది ఆబిడ్స్. ఆదివారం అక్కడ షాపులు చాలావరకు మూసే ఉంటాయి, ఆ మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పాత పుస్తకాలు పోస్తారు. జనరల్ పోస్టాఫీసు చుట్టుపక్కల నుంచి కోఠి వైపు నడుస్తూ పోతే కుప్పలు తగులుతూనే ఉంటాయి. వారమంతా చెప్పులూ చీరలూ అమ్మిన గుమ్మం ముందు ఆ ఒక్కరోజు పదో తరగతి గైడూ, రష్యా నుంచి వచ్చిన పాత పిల్లల పుస్తకమూ, ఎవరో అమెరికా వెళ్తూ అమ్మేసిన ఇంజినీరింగ్ పుస్తకాలూ ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి.

ఇక్కడ ఎలా కొనాలంటే, మొదటి రౌండ్‌లో ఏమీ కొనొద్దు. ఒక చివర నుంచి ఇంకో చివరకి నడిచి, ఏ కుప్ప దగ్గర ఏముందో కళ్ళతో చూసుకుని రండి. అట్టముక్క మీద రేటు రాసిన కుప్పలు ఇంగ్లీష్ నవలలవి, వాటిలో బేరం లేదు, ఏది తీసినా అదే రేటు. తెలుగు పుస్తకాలు ముందు వరుసలో కనపడవు, "అన్నా, తెలుగువి ఉన్నాయా" అని అడిగితే వెనక మూట విప్పుతాడు. ఆ మూటల్లోనే పాత డిటెక్టివ్ పాకెట్ బుక్కులు, వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చింపి ఇంట్లో కుట్టుకున్న బైండ్లు దొరుకుతాయి. ఆ బైండ్లంటే నాకు పిచ్చి. ఎవరో ఇల్లాలు ఏడాదిపాటు వారం వారం పేజీలు దాచి, దారంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసి, పైన నీలం సిరాతో పేరు రాసి ఉంటుంది. మధ్యలో ఒక వారం పేజీలు లేవంటే, ఆ వారం పేపరబ్బాయి వేయలేదో, ఆవిడ పుట్టింటికి వెళ్ళిందో.

కొనే ముందు చూడాల్సినవి చూడండి. మొదటి పేజీ, చివరి పేజీ అందరూ చూస్తారు, మధ్యలో పేజీ నంబర్లు కూడా గబగబా తిప్పి చూసుకోవాలి, పదహారు పేజీలు ఒక్కసారే ఎగిరిపోయిన పుస్తకాలు తగులుతుంటాయి. కొత్తగా మెరుస్తూ అక్షరాలు మసగ్గా ఉంటే అది దొంగ ప్రింటు, రెండుసార్లు తెరిస్తే పేజీలు చేతికొస్తాయి. గ్రూప్స్ పుస్తకాలు కొనే పిల్లలూ, ఏ సంవత్సరం ఎడిషనో చూడకుండా డబ్బులు తీయొద్దు, సిలబస్ మారితే అది తూకానికి కూడా పనికిరాదు. బేరం ఒక్కో పుస్తకానికి కాదు, నాలుగైదు పక్కన పెట్టుకుని "అన్నీ కలిపి ఎంత" అని అడగాలి. మీకు నిజంగా కావాల్సింది ఆ కుప్పలో మధ్యన పెట్టండి, దాన్ని చూసి కళ్ళు మెరిశాయంటే అయిపోయింది, ముప్పై ఏళ్ళుగా అక్కడ కూర్చున్న మనిషికి మీ మొహం చదవడం పుస్తకం చదవడం కంటే తేలిక. అదనంగా ఓ ఇరవై పోయినా బాధపడకండి. మబ్బు పట్టిన రోజైతే తొందరగా వెళ్ళండి, చినుకు పడగానే పట్టాలు కప్పేసి కూర్చుంటారు.

పదకొండున్నరకి చేతులు నల్లగా అయ్యుంటాయి. కడుక్కుని ఇరానీ హోటల్‌లో కూర్చోండి. మొజంజాహీ మార్కెట్ వైపు నడిస్తే 1935లో కట్టిన ఆ రాతి కట్టడం చూసినట్టూ ఉంటుంది, ఐస్‌క్రీమ్ తిన్నట్టూ ఉంటుంది. చాయ్‌కి వస్తే, ఇరానీ చాయ్‌లో డికాక్షన్ వేరుగా, పాలు వేరుగా మరిగి చిక్కబడతాయి, కప్పులోనే కలుస్తాయి, అందుకే ఇంట్లో ఎంత మరిగించినా ఆ రుచి రాదు. పాలు ఎక్కువ కావాలంటే "పౌనా" అని చెప్పండి. ఉస్మానియా బిస్కెట్ ముంచేటప్పుడు మూడు లెక్కపెట్టేలోపు తీసేయాలి. నాలుగోది లెక్కపెట్టి చెంచా అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఊరి నుంచి చుట్టాలొచ్చి చార్మినార్ చూపించమంటే మాత్రం ఈ ప్లాను మారుతుంది. చార్మినార్‌కి ఏడింటికి తీసుకెళ్ళండి, మక్కా మసీదు ముందు పావురాలు, ఖాళీ రోడ్డు, ఫోటోలు బాగా వస్తాయి. చిక్కేమిటంటే లాడ్ బజార్ గాజుల షాపులు అప్పటికి తెరవరు, పిన్నికి గాజులే ముఖ్యం. కాబట్టి మధ్యలో సాలార్‌జంగ్ మ్యూజియం పెట్టుకోండి, దానికి సెలవు శుక్రవారం, ఆదివారం తెరిచే ఉంటుంది. గంట కొట్టే గడియారం ముందు పన్నెండింటికి జనం విరగబడతారు, అందుకని పదకొండింటికే చూపించేసి, "పన్నెండుకైతే ఇంకో గంట ఎక్కువ కొడుతుంది, అంతే తేడా" అని నచ్చచెప్పి గాజులకి తీసుకెళ్ళండి.

పన్నెండున్నరకి ఇంట్లో ఉండాలి. ఊరంతా అప్పుడే నిద్ర లేచి మాల్స్‌కీ బిర్యానీకీ బయల్దేరుతుంది, మీరు ఎదురు దారిలో మెట్రోలో కూర్చుని వచ్చేస్తారు. పులుసు పొయ్యి మీద పెట్టండి, చింతపండు పులుసు మరిగాకే ముక్కలు వేయండి, వేశాక గరిటె పెట్టొద్దు, గిన్నె పట్టుకుని తిప్పండి. అది ఉడికేలోపు పుస్తకాలు దులిపి బాల్కనీలో ఎండకి పెట్టండి, పురుగులుంటే వెళ్ళిపోతాయి. తర్వాత తిని పడుకోవడమే. సాయంత్రం ఎవరైనా ఫోన్ చేసి ట్యాంక్‌బండ్ అంటే, ఒంట్లో బాలేదని చెప్పండి.

పులుసు మర్నాటికి ఇంకా బావుంటుంది, సోమవారం పొద్దున్న ఇడ్లీలో వేసుకోండి. ఆఫీసుకి మాత్రం డబ్బాలో పెట్టుకెళ్ళకండి. నేనోసారి తీసుకెళ్ళి మైక్రోవేవ్‌లో వేడి చేస్తే, మా ఫ్లోర్ వాట్సాప్ గ్రూపులో "ఎవరిది?" అని మెసేజ్ వచ్చింది, నేను కూడా "ఎవరిది?" అని పెట్టాను.