వైజాగ్‌లో ఇంట్లోనే చెక్క కయాక్: కిట్ కొన్నాక అసలు పని ఎక్కడుంది

కిట్ ఆర్డర్ పెట్టే ముందు టేపుతో మెట్ల మలుపు కొలవండి. ఒక్కరు కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి సముద్రపు పడవ, అంటే సీ కయాక్, సుమారు 5 మీటర్లు ఉంటుంది, ముక్కలుగా పైకి తీసుకెళ్లగలం కానీ పూర్తయ్యాక కిందికి దించలేం. అపార్ట్‌మెంట్ అయితే సెల్లార్‌లో ఒక పక్క చోటు అడగండి. టెర్రస్ మాత్రం వద్దు, చలికాలం రాత్రి కురిసే మంచు పని పాడుచేస్తుంది.

చెక్కపని సులువే. 4 మి.మీ. మెరైన్ ప్లైవుడ్ ముక్కలు కోసే వస్తాయి, వాటి అంచుల వెంబడి చిన్న రంధ్రాల్లోంచి రాగి తీగతో కుట్టి, బయటివైపు కటింగ్ ప్లయర్‌తో మెలి పెట్టాలి. ఒకప్పుడు మన తీరంలో మసూలా పడవల పలకల్నీ మేకుల్లేకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. కాకపోతే ఇక్కడ కుట్టు తాత్కాలికం, ఎపాక్సీ అనే జిగురు పట్టాక తీగ లాగేస్తాం. అంతకుముందే ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి తిన్నటి కర్రలు అడ్డంగా పెట్టి చివర నుంచి చూడండి. రెండూ సమంగా కనిపించకపోతే పడవ మెలితిరిగిందన్నమాట, తీగలు వదులు చేసి అప్పుడే సరిచేయాలి, ఎపాక్సీ గట్టిపడ్డాక ఇక కుదరదు.

అసలు పరీక్ష ఎపాక్సీతోనే, అదీ మన ఊరి ఎండకీ ఉక్కకీ. ఎపాక్సీ గట్టిపడటానికి అందులో కలిపే హార్డెనర్‌లో నెమ్మదిగా పనిచేసే రకం (స్లో హార్డెనర్) తీసుకోండి, డబ్బా మీద రాసిన పాళ్లే కలపండి. హార్డెనర్ ఎక్కువ పోస్తే త్వరగా గట్టిపడుతుందనుకోకండి, అసలు సరిగ్గా పట్టదు. ఒకేసారి మగ్గు నిండా కలిపితే దాని వేడికి అదే పొగలు కక్కుతుంది, కాబట్టి కొంచెం కొంచెంగా కలిపి వెడల్పాటి ట్రేలో పోసుకోండి. సన్నటి చెక్కపొడి కలిపి ముద్దలా చేసి లోపలి మూలల్లో నింపితే అదే పడవకు బలం. ఫైబర్ బోట్లకు వాడే రెజిన్ చవగ్గా దొరుకుతుంది కానీ అది సాధారణంగా పాలిస్టర్, చెక్కకు ఎపాక్సీలా అంటుకోదు, దాని జోలికి పోకండి.

డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. ఎపాక్సీ పూత మధ్యాహ్నం ఎండ తగ్గుముఖం పట్టాక వేయండి, పొద్దున వేస్తే చెక్క వేడెక్కే కొద్దీ లోపలి గాలి బయటికొచ్చి బుడగలు లేస్తాయి. గాలిలో తేమ ఉంటే పైన జిడ్డులాంటి పొర వస్తుంది. దాన్ని గిన్నెలు తోమే పీచుతో, మంచినీళ్లతో కడిగి ఆరాకే ఉప్పుకాగితం పట్టండి, లేదంటే తర్వాతి పూత ఊడొస్తుంది. గ్లవ్స్, మంచి మాస్క్ తప్పనిసరి.

పడవ మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ పరిచి ఎపాక్సీ పోసి స్క్వీజీతో (రబ్బరు పట్టీతో) మెల్లగా లాగితే గుడ్డ కనిపించకుండా పోతుంది, అంతవరకే చాలు, ఎక్కువ పోస్తే బరువు తప్ప బలం పెరగదు. ఎండకు ఎపాక్సీ చెడిపోతుంది కాబట్టి యూవీ వార్నిష్ మూడు నాలుగు పూతలు వేయండి.

మొదటిసారి ఆర్కే బీచ్ అలల్లోకి దింపకండి. భీమిలి దగ్గర గోస్తనిలో, సముద్రం కలిసే చోటికి దూరంగా, లైఫ్ జాకెట్ వేసుకుని ఇంకొకరిని వెంట పెట్టుకుని దింపండి, ఒడ్డుకొచ్చాక హ్యాచ్ (పడవ పైమూత) తెరిచి లోపల తడి ఉందేమో చేత్తో తడిమి చూడండి.