ఆక్సీకరణ ఒత్తిడిలో వృద్ధి కారక గ్రాహకాన్ని పరీక్షించడం ఎలా

శ్రీకాకుళంలో జీవరసాయనశాస్త్రం చదువుతూ, ప్రాజెక్టు కోసం విశాఖపట్నంలోని కణ వర్ధన ప్రయోగశాలకు వెళ్లబోయే పీజీ విద్యార్థుల కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. కణాలను పెరగమని సంకేతమిచ్చే ప్రోటీన్ ఈజీఎఫ్ (ఎపిడెర్మల్ గ్రోత్ ఫ్యాక్టర్) వేయకపోయినా, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే చాలు, ఈజీఎఫ్ గ్రాహకం మీద ఫాస్ఫేటు పెరుగుతుంది. ఎందుకు పెరుగుతుందో తెలియకుండా ప్రయోగం మొదలుపెట్టకూడదు.

గ్రాహకం తన టైరోసిన్లకు ఫాస్ఫేటును తగిలించుకుంటూ ఉంటే, టైరోసిన్ ఫాస్ఫటేజులనే ఎంజైములు దాన్ని ఎప్పటికప్పుడు ఊడదీస్తూ ఉంటాయి. ఈ ఫాస్ఫటేజుల క్రియాస్థానంలోని సిస్టీన్, ఉదాహరణకు పీటీపీ1బీలో 215వది, పెరాక్సైడ్ తాకిడికి ఆక్సీకరణ చెందగానే ఎంజైము పని ఆగిపోతుంది. కణంలోని థయాల్ (గంధకం-హైడ్రోజన్ సమూహం ఉన్న) వ్యవస్థలు దాన్ని క్షయకరణం చేశాక మళ్లీ మొదలవుతుంది. ఊడదీసేవి ఆగినంతసేపూ తగిలించేదానిదే పైచేయి. ఈజీఎఫ్ అందుకున్న కణం కూడా ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ ద్వారా కొంత పెరాక్సైడును తానే తయారు చేసుకుంటుంది కనుక, దీన్ని కేవలం విషంగా చూడటం పొరపాటు.

అన్నిటికంటే ముందు పెరాక్సైడు సీసాను పరీక్షించండి. మే నెలలో కరెంటు పోయిన ఫ్రిజ్‌లో ఉండిపోయిన సీసాతో మా విద్యార్థిని ఒకరు మూడు వారాలు కష్టపడ్డారు. మూత తిప్పగానే బుస్సుమని గాలి వచ్చినా, అంటే పెరాక్సైడు విడిపోతున్నా, ఎవరమూ పట్టించుకోలేదు, బ్లాట్‌లో (ప్రోటీన్లను పొర మీద పట్టీలుగా చూపే పరీక్షలో) మాత్రం ఒక్క పట్టీ కూడా కనిపించలేదు. 30 శాతం పెరాక్సైడును నీటితో 1000 రెట్లు పలుచన చేసి, 1 సెంటీమీటరు క్వార్ట్జ్ క్యువెట్‌లో 240 నానోమీటర్ల వద్ద కాంతి శోషణను కొలవండి (ప్లాస్టిక్ క్యువెట్ ఆ కాంతిని పీల్చేస్తుంది). వచ్చిన అంకెను 43.6తో భాగించి 1000తో గుణిస్తే అసలు మోలారిటీ తెలుస్తుంది. తాజా సీసాకు శోషణ 0.43 దరిదాపుల్లో రావాలి. మీరు వాడే మాధ్యమంలో పైరువేట్ ఉందో లేదో లేబుల్ మీద చూడండి. ఉంటే అది పెరాక్సైడును అక్కడికక్కడే హరిస్తుంది.

ఈ గ్రాహకం మెండుగా ఉండే ఏ431 అనే మానవ క్యాన్సర్ కణాలను రాత్రంతా సీరం లేకుండా ఉంచి, మర్నాడు ఒక పాత్రను ఏమీ వేయకుండా, ఒకదాన్ని ఈజీఎఫ్‌తో, కొన్నిటిని 0.1 నుంచి 1 మిల్లీమోలార్ పెరాక్సైడుతో, ఒకదాన్ని ముందుగా కెటలేజ్ (పెరాక్సైడును విడగొట్టే ఎంజైము) వేసి ఆ తర్వాత పెరాక్సైడుతో, పది నిమిషాల పాటు ఉంచండి. కెటలేజ్ పాత్రను మానేస్తే, కనిపించిన మార్పు పెరాక్సైడు వల్లే వచ్చిందని చెప్పే హక్కు మీకు ఉండదు. కణాలను ఐసు మీదే ఛేదించి, ఛేదించే ద్రావణంలో ఫాస్ఫటేజులను ఆపే సోడియం ఆర్థోవెనడేట్ కలపండి. అయితే వెనడేట్, పెరాక్సైడు కలిస్తే పర్‌వెనడేట్ ఏర్పడి ఫాస్ఫటేజులను శాశ్వతంగా నిలిపివేస్తుంది కనుక, అంతకుముందే కణాలను చల్లని బఫరుతో రెండుసార్లు కడగండి.

బ్లాట్‌ను పాలపొడితో కాక బీఎస్ఏ (ఆవు సీరం ఆల్బుమిన్) తో బ్లాక్ చేయండి, ఎందుకంటే పాలలోని కేసీన్ కూడా ఫాస్ఫేటు ఉన్న ప్రోటీనే. సుమారు 170 కిలోడాల్టన్ల వద్ద ఫాస్ఫో పట్టీతో పాటు మొత్తం గ్రాహకం పట్టీని కూడా చూపాలి. వీలైతే 1045వ టైరోసిన్‌ను విడిగా పరీక్షించండి: ఈజీఎఫ్ వేసినప్పుడు అక్కడ సీబీఎల్ అనే ప్రోటీన్ వచ్చి కూర్చుని గ్రాహకాన్ని విచ్ఛిత్తికి పంపిస్తుంది, పెరాక్సైడు ఒత్తిడిలో ఆ స్థానానికి ఫాస్ఫేటు సరిగా అందక, గ్రాహకం తొలగిపోకుండా మిగిలిపోతుంది.