శీతల గిడ్డంగి తనిఖీకి బయలుదేరే ముందు బ్యాంకు అధికారి పాటించవలసిన జాగ్రత్తలు

గుంటూరులో మిర్చి నిల్వపై రుణం కోరిన వ్యాపారి మీకు బంధువైతే, ఆ సంగతిని పై అధికారికి రాతపూర్వకంగా తెలిపి ఫైలును మరొకరికి అప్పగించాలి.

గిడ్డంగికి వ్యాపారి కారులో వెళ్లకూడదు.

టిక్కీలను, అంటే మిర్చి బస్తాలను, గుమ్మం దగ్గర నిలబడి అంచనా వేయక, లోపలి వరుసల దాకా వెళ్లి లెక్కించి, వాటిపై ఉన్న లాట్ నంబర్లు గిడ్డంగి రసీదుతో సరిపోలాయో లేదో అక్కడికక్కడే రాసుకోవాలి; చలికి వణుకుతూ, ఘాటుకు దగ్గుతూ త్వరగా బయటపడాలనిపించే మాట నిజమే గానీ, పొరపాట్లు దొర్లేదీ అక్కడే.

తిరిగి వచ్చేటప్పుడు డిక్కీలో పెట్టించే మిరపకాయల సంచిని మర్యాదగానే తిరస్కరించాలి. అవినీతి నిరోధక చట్టం, 1988 ప్రైవేటు బ్యాంకు అధికారులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2016లోనే తేల్చింది.

చూడని సరుకును చూసినట్లు నివేదికలో రాయకూడదు.